ఆమె వైపు బ్రేకు

అందరికీ రాదు కదా అన్నాడు అన్నయ్య, ఎంత తేలిగ్గా అనేశాడు, పొద్దున్నే పళ్లు తోముకుంటూ ఫోన్ చేసి, నోట్లో నురగతో, కన్నకూతురి గురించి, ఈసారి కూడా పోతే ఇక వదిలెయ్ చెల్లాయ్, డ్రైవింగ్ అందరికీ రాదు కదా అని, అక్కడికి డ్రైవింగ్ అనేది పుట్టుమచ్చ అయినట్టు, ఉంటే ఉన్నట్టు లేకపోతే లేనట్టు, పందొమ్మిదేళ్లుగా ఈ పక్కసీట్లో కూర్చుని ఆమె ఎవరికి నేర్పలేదు గనక, ఎదురుగా బస్సు కనిపిస్తే కళ్లు మూసుకునే బ్యాంకు మేనేజరుకి నేర్పింది, యాభై ఎనిమిదేళ్ల పళ్ల డాక్టరుకి నేర్పింది, కుడి అంటే ఎడమకీ ఎడమ అంటే కుడికీ తిప్పే కవలలిద్దరికీ నేర్పింది, మరి పద్దెనిమిదేళ్ల పిల్ల, రెండోసారి చెప్పించుకోకుండా పట్టుకునే పిల్ల, తన సొంత మేనకోడలు, దీనికి రాదా, ముందున్న చెత్త లారీ ఆగింది, ఆమె కుడికాలు తన వైపు బ్రేకు నొక్కింది, నేర్పే బండి కాబట్టి ఆమె పాదం కింద కూడా ఒక బ్రేకు ఉంది, అక్కడి నుంచి ఒక ఇనుప కడ్డీ పిల్ల వైపు బ్రేకుని కలుపుతుంది, ఇటు నొక్కితే అటూ దిగుతుంది, కారు కుదుపు లేకుండా ఆగింది, శభాష్ పిట్టా, చక్కగా ఆపావు అంది, పిట్ట అద్దంలో వెనక చూసుకుని గేరు మార్చింది, దానికి వేరే పేరు ఉంది కాని, నెలలు నిండకుండా పుట్టి రెండు అరచేతుల్లో ఇమిడిపోయిన రోజు నుంచి ఇంట్లో అందరికీ అది పిట్టే.

ఇవాళ మూడోసారి, మొదటిసారి పోయినప్పుడు అందరూ నవ్వేసి ఊరుకున్నారు, రెండోసారి పోయినప్పుడు ఎవరూ నవ్వలేదు, మూడోసారి కూడా పోతే ఆరు నెలల దాకా మళ్లీ దరఖాస్తు తీసుకోరు, ఆరు నెలలు ఎవరు ఆగుతారు, అంబులెన్సు శిక్షణ వాళ్లు ఆగుతారా, శుక్రవారం లోపల లైసెన్సు చూపించకపోతే ఆ సీటు తరవాత పేరున్న వాళ్లకి ఇచ్చేస్తారు, రెండు వందల మంది వస్తే పదహారు మందిని తీసుకున్నారు, అందులో తొమ్మిదో పేరు పిట్టది, ఇసుక బస్తా కట్టిన స్ట్రెచరు ఒక కొస పట్టుకుని మూడంతస్తులు ఎక్కి దిగింది, రాతపరీక్ష రాసింది, గాయాల ఫొటోలు చూపిస్తే తల తిప్పుకోలేదు, అంతా అయ్యాక ఈ ఒక్క కార్డు ముక్క దగ్గర ఆగిపోయింది, రెండోసారి పోయాక మూడు రోజులు గదిలోంచి బయటికి రాలేదు, నాలుగో రోజు వచ్చి వాళ్లమ్మతో అందట, నాకు రాదులే అమ్మా అని, ఏడవకుండా, చాలా మామూలుగా, చెప్పుల సైజు చెప్పినట్టు, వదిన ఆ మాట చేరవేసినప్పుడు ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది, ఎందుకంటే అది పిట్ట మాట కాదు, అచ్చంగా అన్నయ్య మాట, ఎప్పుడు దిగిందో, ఎన్ని భోజనాల దగ్గర ఎన్నిసార్లు అంటే దిగిందో, పిల్ల నోట్లో స్థిరపడిపోయింది, కుడివైపు ఇండికేటరు వేయి పిట్టా, వేశానత్తా, శభాష్.

పైగా ఆ ప్రొజెక్టరు ఆవిడ ఒకర్తె, పోయిన నెల కాలేజీలో పిల్లల్నీ పెద్దవాళ్లనీ కలిపి కూర్చోబెట్టి రెండు గంటలు క్లాసు తీసుకుంది, వదినకి ఆసుపత్రిలో డ్యూటీ పడితే బదులుగా ఆమె వెళ్లింది, ఎదిగే మనసు అట, తెలివి పుట్టినప్పుడు ఎంతుందో అంతే ఉండిపోయేది కాదట, వాడేకొద్దీ పెరిగేదట, పిల్లలు నాకు రాదు అంటే ఇంకా రాలేదు అని దిద్దాలట, మార్కుల్ని కాదు, పడ్డ శ్రమని మెచ్చుకోవాలట, వెతికినా ఆ మాటల్లో తప్పు దొరకలేదు, అదే మరీ ఒళ్లు మండించే సంగతి, చల్లటి గదిలో మైకు పట్టుకుని చెప్పడం ఎవరికి చేతకాదు, వచ్చి ఈ నాలుగు రోడ్ల కూడలిలో, బస్సు అద్దానికి అంగుళం దూరంలోంచి పోతుంటే, చేతులు చెమటలు పట్టిన పిల్ల పక్కన కూర్చుని చెప్పమను చూద్దాం, అయినా ఆమె ఒక్క మాట కూడా వదలకుండా చేసింది, ఆవిడ చివర్లో పంచిన పసుపురంగు కాగితప్పట్టీ, ఇంకా అని అచ్చు వేసింది, పిట్ట మణికట్టుకి తన చేత్తో అతికించింది, మలుపుకో శభాష్, గేరుకో శభాష్, బండి ఆగినప్పుడల్లా శభాష్, దవడలు నొప్పెట్టేట్టు అంది, ఇంతకంటే మనిషి ఏం చేస్తుంది, సైకిలు వాడు అడ్డం వచ్చాడు, కాలు నొక్కింది, ఆగింది, శభాష్.

పరీక్ష ఆఫీసు గేటు ముందు అన్నయ్య నిలబడి ఉన్నాడు, మందుల షాపు తెరవకుండా వచ్చేశాడు, చేతిలో నీళ్ల సీసా, మొహంలో అప్పటికే ఒక ఓదార్పు తయారుగా ఉంది, ఇంకా పరీక్ష అవలేదు కదా మహానుభావా అనాలనిపించింది, కిటికీలోకి వంగి పిట్ట తల నిమిరి, కంగారు పడకు తల్లీ, వస్తే వస్తుంది పోతే పోతుంది, మన వంశంలో స్టీరింగు పట్టుకున్నది ఎవరని, మీ అత్త ఒక్కతే, అది కూడా పక్కసీట్లో కూర్చుంటుంది అన్నాడు, తన జోకుకి తనే నవ్వాడు, అతని చొక్కా జేబులోంచి మడత కాగితం కొస కనిపిస్తోంది, ఏంటది అన్నయ్యా అని ఆమె పక్కకి లాగి అడిగితే, ఏం లేదే, శిక్షణ వాళ్లకి ఉత్తరం, ఆరోగ్యం బాగాలేక అమ్మాయి చేరలేకపోతోంది అని, ముందే రాసి పెట్టుకుంటే అప్పటికప్పుడు వెతుక్కోనక్కర్లేదు కదా, గౌరవంగా తప్పుకున్నట్టు ఉంటుంది అన్నాడు, గౌరవంగా, పిల్ల ఇంకా బండి దిగలేదు, తండ్రి జేబులో దాని ఓటమి సంతకంతో సహా తయారుగా ఉంది, ఆ కాగితం లాగి చించి ఇక్కడే ఊదేయాలనిపించింది, నువ్వసలు తండ్రివా, పిల్లకి జ్వరం రాకముందే మాత్ర మింగించే మందులషాపు వాడివా అంది, అన్నయ్య ముక్కు ఎగబీల్చి, నీకేం తల్లీ, మూడు రోజులు తలుపు బయట కంచం పెట్టుకుని కూర్చున్నది మేము అన్నాడు, ఆమె దగ్గర దానికి జవాబు ఉంది, కాని కిటికీ దగ్గర వరస కదిలింది.

ముప్పై ఒకటో నంబరు చీటీ ఇచ్చారు, లోపల ఇంకా పద్నాలుగు నడుస్తోంది, అంటే గంట పైనే, కిటికీ వెనక బ్రేకు ఇన్‌స్పెక్టరు కూర్చుని ఉన్నాడు, ముక్కు చివర కళ్లద్దాలు, బుగ్గలో ఎప్పుడూ ఒక లవంగం, రెండుసార్లు పిట్టని తప్పించిన మనిషి, ఆమె వైపు చూడకుండానే పాత కాగితాలు తిరగేస్తూ, మేడం ఒక మాట, రెండుసార్లూ వెనకసీట్లో కూర్చున్నది మీరే కదా అన్నాడు, అవును సార్, నేర్పినవాళ్లు కూర్చోవచ్చు కదా, కూర్చోవచ్చు, కూర్చోవద్దని కాదు, రెండుసార్లూ నా నడుములో తన్నారు, అదీ సంగతి, వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు, కావాలని తన్నారనడం లేదు మేడం, పరీక్షకి మీ సీట్లో నేను కూర్చుంటాను, మీ వైపు బ్రేకు నేను ముట్టుకోను, జీబ్రా గీతల దగ్గరా సిగ్నల్ దగ్గరా వెనక నుంచి మీ కాలు నా సీటుని తన్నుతుంది, మొదటిసారి పొరపాటనుకున్నాను, రెండోసారి లెక్కపెట్టాను, పదకొండు, ఆ అమ్మాయి బ్రేకు తొక్కే ముందు ఒక్క క్షణం ఆగుతుంది, ఎవరో ఏదో చేస్తారని చూస్తున్నట్టు, సరిగ్గా ఆ క్షణంలో నాకు తన్ను పడుతుంది, ఇవాళ కూడా అదే జరిగితే నేను రాసేదీ అదే అని లవంగం ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చుకున్నాడు.

ఎంత ధైర్యం, ఆ కుర్చీలో కూర్చుంటే ఎవరినైనా ఏమైనా అనొచ్చు, పందొమ్మిదేళ్లు, ఒక్క గీత పడలేదు తన బండికి, బానెట్ మీద మొహం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు, ఊళ్లో ఏ డ్రైవింగ్ స్కూలు బండినైనా పక్కన నిలబెట్టమను, సొట్టలు లేని తలుపు చూపించమను, ఆ గీత పడకుండా కాపాడింది ఈ కాలే, దీన్ని పట్టుకుని వరసలో అందరి ముందూ తన్నడం అంటాడా, ఎదురుచూస్తుందట, పిల్ల దేనికోసం ఎదురుచూస్తుంది, ఆయన మొహం చూసి హడలిపోయి ఉంటుంది, ఆ అద్దాల మీంచి అలా చూస్తే కొమ్ములు తిరిగిన డ్రైవర్లే తడబడతారు, రేకుల షెడ్డు నీడలో ఆపిన కారు దాకా ఇవే మాటలు నెమరేసుకుంటూ వచ్చి, తలుపు తీసి ధబాలున కూర్చుని, విన్నావా పిట్టా, ఆ మనిషి ఏమంటున్నాడో, నువ్వు బ్రేకు తొక్కకుండా ఎవరికోసమో ఎదురుచూస్తావట, నేను ఆయన నడుము విరగ్గొట్టానట అంది, ఇద్దరూ కలిసి ఆయన్ని ఉతికి ఆరేద్దామని, పిట్ట స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది, తల తిప్పకుండానే, నిజమే కదత్తా అంది.

ఏది నిజం, ఎదురుచూడ్డం, ఏం మాట్లాడుతున్నావే, అత్తా కోప్పడకు, నా కాలు కిందికి వెళ్లేసరికి అక్కడ బ్రేకు ఉండదు, అప్పటికే దిగిపోయి ఉంటుంది, చీకట్లో లేని మెట్టు మీద అడుగు వేసినట్టు ఉంటుంది నాకు, నువ్వు నొక్కేసి ఉంటావు, తరవాత నన్ను శభాష్ అంటావు, ఆపింది నువ్వు, శభాష్ నాకు, మొదట్లో నాకూ సరదాగానే ఉండేది, తరవాత ప్రతి శభాష్‌కీ సిగ్గేసేది, చెప్పొచ్చు కదే, ఏం చెప్పను, నువ్వు ఎంత సంతోషంగా అంటావో నీకు తెలియదు, పోనీ అదీ వదిలెయ్, నీ దగ్గర నేర్చుకున్నవాళ్లందరికీ పదకొండో రోజు ఉంటుంది, నాకు ఇవాళ అరవై రెండో రోజు అంది, పదకొండో రోజు ఆమె పెట్టుకున్న నియమం, ఎక్కడా రాసి లేదు కాని నేర్చుకునే వాళ్లలో తెలియనివాళ్లు లేరు, ఆ రోజు మేడం చెప్పులు విప్పేసి, రెండు కాళ్లూ పైకి తీసుకుని, సీట్లో బాసింపట్టు వేసుకుని కూర్చుంటుంది, కాళ్లు కింద ఉంటే మనసు ఊరుకోదు, అందుకని పైన మడిచి పెట్టుకోవడం, ఆ రోజు నుంచి బండి వాళ్లది, బ్యాంకు మేనేజరు ఆ రోజు ఆఫీసంతా స్వీట్లు పంచాడు, పళ్ల డాక్టరు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు, కవలలు ఆమె బాసింపట్టుని ఫొటో తీసి ఇంట్లో చూపించుకున్నారు, నాతో ఒక్కసారైనా చెప్పులు విప్పావా అత్తా, బయటివాళ్లకి వస్తుందని నమ్మావు, నాకెందుకు రాదనుకున్నావు.

రాదనుకున్నానా, నేనా, ఈ ప్రపంచంలో ఆ మాట అననిది తనొక్కతే, అన్నయ్యతో గొడవపడింది తను, పైసా డబ్బు తీసుకోకుండా అరవై రెండు రోజులు పొద్దున్నే ఐదింటికి లేచింది తను, ఆ కాగితప్పట్టీ అతికించింది తను, ఇంత చేస్తే చివరికి ఈ పిల్ల కూడా ఆ లవంగం మనిషి పక్షం చేరిందా, పట్టీ ఏది అంది, ఇంకేం అనాలో తోచక, మణికట్టు ఖాళీగా ఉంది, పిట్ట ముందున్న అర తెరిచి చూపించింది, నాలుగు మడతలు పెట్టి ఉంది, అందులో ఉన్న మాట మంచిదే అత్తా, నేను చాలా ప్రయత్నించాను, ఇంకా రాలేదు, ఇంకా రాలేదు అనుకునేదాన్ని, కాని అలా అనుకోవాలన్నా ముందు నేను ఒకసారి చేసి చూసి ఉండాలి కదా, తప్పుగా అయినా సరే, నేను తప్పు కూడా చేయలేదు, నాకు వచ్చో రాదో నాకే తెలియదు, అందుకే రాదులే అనుకుంటే హాయిగా ఉంది, కనీసం ఏదో ఒకటి తేలినట్టు ఉంది, అలా అని నవ్వింది, గడ్డం కింద పాత కుట్ల మచ్చ సాగింది, నాలుగు కుట్లు, ఆమెకి లెక్క తెలుసు, ఆ నాలుగూ వేస్తున్నప్పుడు తల పట్టుకున్నది ఆమే.

ఏడేళ్ల పిల్ల, ఎర్ర సైకిలు, అపార్టుమెంటు వెనక వాలు, సీటు వెనక పట్టుకుని పరిగెత్తుతూ ఆమె వదిలేసింది, చక్కగా పోయింది, పది గజాలు రాణిలా పోయింది, పదకొండో గజం దగ్గర నీళ్ల పంపుకి కొట్టుకుంది, వదిన పరుగెత్తుకుంటూ వచ్చి పిల్లని కాదు, ముందు ఆమెని చూసింది, పట్టుకోలేనిదానివి నేర్పడం ఎందుకు, వదిలేయమని ఎవరు చెప్పారు నీకు అంది, ఆ ఒక్క మాట, తరవాత వదినే మరిచిపోయింది, పండు ఒలిచి చేతికిస్తూ అప్పుడేదో అన్నానులే మనసులో పెట్టుకోకు అంది, మనసులో పెట్టుకోలేదు, ఎక్కడ పెట్టుకుందో ఇవాళ తెలుస్తోంది, కాల్లో పెట్టుకుంది, కుడికాల్లో, మడమ దగ్గర, పదకొండేళ్లుగా అక్కడే ఉంది ఆ మాట, వదిలేయమని ఎవరు చెప్పారు, వదిలేయమని ఎవరు చెప్పారు, లారీ ఆగితే, సైకిలు వస్తే, కుక్క పరిగెత్తితే, ఎవరికీ పడని గీత పిట్టకి పడుతుందో అని, మరి ఆ రోజు ఆ సైకిలుని పిట్ట ఏం చేసింది, ఆ సంగతి ఎవరూ అడగలేదు, కట్టు విప్పగానే మళ్లీ తొక్కుతానంది, పెద్దవాళ్లు ముగ్గురూ కలిసి ఆ సైకిలుని వాచ్‌మన్ పిల్లలకి ఇచ్చేశారు, ఇచ్చేయండి వదినా పీడ పోతుంది అన్నది తనే, ఆ కోపం ఇప్పుడు ఎవరి మీద చూపించాలి, ఎవరి నడుములో తన్నాలి, టైము చూసింది, లోపల పందొమ్మిది నడుస్తోంది, పిట్టా బండి తీయి అంది, ఎక్కడికత్తా, వెనక మెకానిక్ షెడ్డుకి.

మెకానిక్ కారు కింది నుంచే తల బయటపెట్టి, ఏం మేడం, ఇవాళ కూడా నూనె తుడవడానికేనా, మీ బండికి నేను చేసే వైద్యం అదొక్కటే కదా అన్నాడు, నా వైపు బ్రేకు కడ్డీ విప్పు, విప్పి ఏం చేయాలి మేడం, విప్పి పక్కన పెట్టు, అతను లేచి చేతులు తుడుచుకుంటూ ఆమె మొహంలోకి చూశాడు, ఇవాళ పరీక్ష కదా మేడం, అందుకే విప్పమంటున్నా, అప్పటికి అన్నయ్య ఆయాసపడుతూ వచ్చేశాడు, ఏంటే నీకు మతిపోయిందా, ఉన్న ఒక్క ఆధారం తీసేస్తావా, రేపు ఎక్కడైనా గుద్దితే, గుద్దుతుంది అన్నయ్యా, గుద్దితే తెలుస్తుంది, నువ్వేనా మాట్లాడుతున్నది, నేనే, నీ ఉత్తరం జేబులో పెట్టుకుని ఆ బల్ల మీద కూర్చో, లేకపోతే వెళ్లి షాపు తెరుచుకో, మెకానిక్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, అన్నాచెల్లెళ్ల మధ్య రావడం నాకు మంచిది కాదు, రెండు నట్లే, విప్పేస్తా అన్నాడు, విప్పాడు, కడ్డీ సిమెంటు నేల మీద పడి ఖంగుమంది, ఆమె కూర్చుని తన వైపు బ్రేకు నొక్కి చూసింది, అడ్డూ ఆపూ లేకుండా పాదం నేల దాకా పోయింది, పద పిట్టా.

షెడ్డు వెనక ఖాళీ జాగాలో ఆఫీసు వాళ్లు పట్టుకొచ్చిన బళ్లు తుప్పు పట్టి వరసగా ఉన్నాయి, ఆ చివర పాత టైర్లు గుట్టగా పేర్చి ఉన్నాయి, టైర్ల ముందు బారెడు దూరంలో ఆపు అంది, పిట్ట రెండో గేరులో వచ్చింది, టైర్లు దగ్గరవుతున్నాయి, ఆమె కాలు నేల దాకా పోయింది, ఏమీ కాలేదు, పిట్ట కాలు ఆ ఒక్క క్షణం గాలిలో ఆగింది, ఇన్‌స్పెక్టరు చెప్పిన క్షణం, కళ్లారా చూసింది, లవంగం మనిషి అబద్ధం చెప్పలేదు, ధన్‌మని టైర్లలోకి దూరింది, పై టైరు దొర్లి బానెట్ మీద పడి, పందొమ్మిదేళ్ల నున్నటి రంగు మీద జానెడు గీత గీసి కిందికి జారింది, ఇద్దరూ ఆ గీతనే చూస్తూ కూర్చున్నారు, అత్తా, ఊ, నేనే కదా, నువ్వే, పిట్ట ఊపిరి వదిలి రివర్సు గేరు వేసింది, రెండోసారి భయంతో మరీ ముందే తొక్కేసింది, క్లచ్ మరిచిపోయింది, ఇంజను దగ్గి ఆగిపోయింది, ఆమె నోటిదాకా శభాష్ వచ్చింది, వెనక్కి మింగింది, ఎంత దూరంలో ఆగాం అంది, ఐదు బారలు, క్లచ్, తొక్కలేదు, మళ్లీ, మూడోసారి టైర్లని ముద్దు పెట్టుకుని ఆగింది, నాలుగోసారి వంకరగా ఆగింది, ఐదోసారి పిట్ట పళ్ల మధ్య నాలుక కొస పట్టుకుంది, స్ట్రెచరు మోసిన రోజు కూడా అలాగే పట్టుకుందని వదిన చెప్పింది, కారు నెమ్మదించింది, ఆగింది, టైర్లకి బారెడు దూరం, ఆమె శభాష్ అనలేదు, చూసింది చూసినట్టు చెప్పింది, ఇందాక టైర్లు కనిపించాక తొక్కావు, ఇప్పుడు తెల్లరాయి దగ్గరే మొదలుపెట్టావు అంది, అవునత్తా, రాయి నేనే గుర్తు పెట్టుకున్నా అంది పిట్ట, అరవై రెండు రోజుల్లో ఏ శభాష్‌కీ వెలగని మొహం ఆ రాయి మాటకి వెలిగింది, ఆమె గుండెల్లో అదే చోట కోపం మళ్లీ రగిలింది, ఇంత తేలికైన పనిని ఇన్నాళ్లు ఎవరు ఆపారు అని, ఆరు, ఏడు, ఎనిమిది, ఎనిమిదోసారి మళ్లీ టైర్లలోకి పోయింది, మెకానిక్ షెడ్డులోంచి, మేడం, టైర్లు లెక్కపెట్టుకుని మరీ అప్పగించాలి నేను అని కేకేశాడు, పిట్ట పకపకా నవ్వింది, తప్పు చేసి నవ్విన పిట్టని ఆమె పదకొండేళ్లుగా చూడలేదు.

ముప్పై ఒకటి అని పిలిచారు, ఇన్‌స్పెక్టరు ఫైలు చంకలో పెట్టుకుని వచ్చి, బానెట్ మీద గీత చూసి కళ్లద్దాలు పైకి జరుపుకున్నాడు, తలుపు తీసి కాళ్లు పెట్టుకునే చోటు చూసి, ఇదేంటి మేడం, ఇది ఊగిపోతోంది అన్నాడు, కడ్డీ తీయించాను సార్, ఎప్పుడు, ఇందాక, ఆయన లవంగాన్ని ఒకసారి కొరికి, సీటుబెల్టు పెట్టుకుని, చివర పట్టుకుని ఇంకొంచెం బిగించుకున్నాడు, వెనక ఎవరమ్మా అని పిట్టని అడిగాడు, ఆమె చేయి అప్పటికే వెనక తలుపు పిడి మీద ఉంది, ఎవరూ వద్దు సార్ అంది పిట్ట, అత్తా, నువ్వు ఇక్కడే ఉండు, ఏం అనుకోకు, నువ్వు వెనక ఉంటే నాకు నీ కాలు వినిపిస్తుంది, ఏం అనుకోను అంది ఆమె, చాలా అనుకుంది, తలుపు పిడి వదలడానికి వేళ్లకి ఒక్కొక్కదానికీ చెప్పి తీయాల్సి వచ్చింది, కారు గేటు దాటి రోడ్డెక్కింది, పక్కనే అన్నయ్య వచ్చి నిలబడ్డాడు, నీళ్ల సీసా మూత తీస్తున్నాడు, పెడుతున్నాడు.

గేటు నుంచి చూస్తే రోడ్డు తిన్నగా పోతుంది, కూతవేటు దూరంలో జీబ్రా గీతలు, కారు మూడో గేరులో పోతోంది, ఇంజను చప్పుడుని బట్టి ఆమెకి తెలుసు, గీతల పక్క కాలిబాట మీద చక్రాల బండి తోసుకుంటూ ఒక తల్లి, బండిలో పసిపిల్ల టోపీ కనిపిస్తోంది, తల్లి ఇటూ అటూ చూసి గీతల మీదకి అడుగు వేసింది, ఆమె మడమ కంకరలో కసుక్కున దిగింది, కారు వేగం తగ్గలేదు, ఇంకా తగ్గలేదు, ఆ క్షణం, ఇది ఆ క్షణమే, పిట్ట కాలు గాలిలో ఉంటుంది, ఆమె కంకరని నొక్కుతోంది, చెప్పు పట్టీ తెగేట్టు నొక్కుతోంది, ఆపదే చెల్లాయ్, అది ఆపలేదే అని అన్నయ్య ఆమె మోచేయి పట్టుకున్నాడు, నోరు మూసుకో, నీ నోటి మాటే దాన్ని ఈ గతికి తెచ్చింది అనబోయి అతని వైపు తిరగబోయింది, తిరగలేకపోయింది, కాలు కంకరలో ఇరుక్కుని ఉంది, చీలమండ దాకా, దాన్ని చూసుకుంది, అన్నయ్య పొద్దున ఫోన్లో అన్నదీ, ఇప్పుడు మోచేయి పట్టుకుని అంటున్నదీ, ఈ కాలు అంటున్నదీ ఒకటే మాట, అన్నయ్య ఎప్పుడో ఒకసారి భోజనం దగ్గర అనేవాడు, ఈ కాలు ప్రతి మలుపులో, ప్రతి కూడలిలో, ప్రతి సైకిలు ముందూ అంది, రోజుకి ముప్పై నలభై సార్లు, వెంటనే పైన నోరు శభాష్ అని దాన్ని కప్పేసేది, అయినా పిల్ల విన్నది, నోటి మాట కాదు, పాదం కింద దిగిపోయే బ్రేకు చెప్పిన మాట విన్నది, రాదులే అమ్మా అని వదినతో అన్న రోజు అన్నయ్యని తిట్టిపోసింది కదా, అన్నయ్యని కాదు తిట్టాల్సింది, ఆమె కాలు పైకి లాగింది, కంకర రాలింది, లేచిన పాదాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఒంటికాలి మీద, అన్నయ్య భుజం పట్టుకుని నిలబడింది, అప్పుడు కారు వెనక రెండు ఎర్ర దీపాలు వెలిగాయి, ముందు మసకగా, తరవాత నిండుగా, పందొమ్మిదేళ్లు ఆ బండి లోపల కూర్చున్నది, తన బండి బ్రేకు వేసినప్పుడు వెనక నుంచి ఎలా ఉంటుందో ఆమె ఎప్పుడూ చూడలేదు, గీతలకి బారెడు ఇవతల కారు ఆగింది, తల్లి బండి తోసుకుంటూ దాటింది, ఎర్ర దీపాలు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి, అన్నయ్య ఏదో అంటున్నాడు, ఫలితం ఎప్పుడు చెబుతారని కాబోలు, ఆమెకి వినిపించడం లేదు, ఆ దీపాల కింద ఉన్న కాలు పిట్టది, అరవై రెండు రోజులుగా అది అక్కడే ఉంది, తనే చోటివ్వలేదు.